వెయ్యి డాలర్ల గోలీ

ఉర్దూ మీడియం బడిలో చదివినవాళ్లకు 'జిగర్' అనే మాట సైన్సు పాఠం కన్నా ముందే షాయిరీలో పరిచయమవుతుంది. ప్రాణస్నేహితుడు జిగరీ దోస్త్. కన్నబిడ్డ లఖ్తె జిగర్, అంటే జిగర్ ముక్క. మొరాదాబాద్ షాయర్ అలీ సికందర్ ఏరికోరి పెట్టుకున్న తఖల్లుస్ కూడా జిగరే. మొహబ్బత్, హిమ్మత్, దర్ద్ అన్నీ అక్కడే కాపురముంటాయని మన పాత జబాన్ నమ్మకం. కాలేజీలో తెలుగు చదువుకోవడం మొదలుపెట్టాక అదే అవయవం నాకు 'కాలేయం' అయింది. విశాఖ గల్లీల్లో అయితే దానికి ఒకటే పేరు, 'లివరు'. ఎవరికైనా లివరు పాడైందని తెలిస్తే కోటవీధిలోనైనా గాజువాకలోనైనా మన మొహల్లాల్లో మొదట పుట్టే ప్రశ్న ఒకటే: "తాగేవాడా?"

ఆ ప్రశ్నకు భయపడి రిపోర్టులు బీరువాలో చీరల కింద దాచే ఇళ్లున్నాయి. జిందగీలో షరాబ్ వాసన చూడని నమాజీ మనిషి పొట్ట నీటితో ఉబ్బి, రక్తం కక్కుకుని పోతే, జనాజా దగ్గర కూడా "గ్యాస్ ట్రబుల్ అండీ" అని చెప్పుకున్నవాళ్లున్నారు. షరాబ్‌తో ఏ సంబంధమూ లేకుండా జిగర్‌ను తినేసే జబ్బుల్లో ఒకదాని తారీఖ్ ఇది. దాని పేరు హెపటైటిస్ సి. పాకిస్తాన్‌లో జనం దాన్ని 'కాలా యర్కాన్' అంటారు, నల్ల కామెర్లు అని. పేరు భయంకరంగానే ఉంది కానీ అసలు ముసీబత్ ఏమిటంటే, ఇందులో చాలామందికి కామెర్లే కనిపించవు.

వానాకాలంలో మురికి నీళ్ల వల్ల వచ్చి, కళ్లు పచ్చబడి, నెలా రెండు నెలల్లో తగ్గిపోయే కామెర్లు వేరు. అవి హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల పని. వాటికి పసరు పోసినవాడికీ, మణికట్టు మీద వాత పెట్టినవాడికీ, తావీజ్ కట్టినవాడికీ పేరొస్తుంది, ఎందుకంటే ఏమీ చేయకపోయినా అవి ఎక్కువ మందిలో తగ్గిపోతాయి. సి వైరస్ రక్తం నుంచి రక్తానికి పాకుతుంది. ఒకే పళ్లెంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, ముసాఫహా చేసినా, పక్కపక్కన సఫ్‌లో నిలబడ్డా రాదు. ఒంట్లోకి దిగినవాళ్లలో పదిమందిలో ముగ్గురి దాకా ఆరు నెలల్లో దాన్ని తమంతట తామే వదిలించుకుంటారు. మిగతా ఏడుగురిలో అది తిష్ఠ వేస్తుంది. నొప్పి లేదు, జ్వరం లేదు. మనిషి డ్యూటీకి పోతాడు, పిల్లల నిఖాలు చేస్తాడు, మనవలను ఎత్తుకుంటాడు. ఇరవై ఏళ్లు గడిచేసరికి అలాంటివాళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి లివరు గట్టిపడి రాయిలా తయారవుతుంది. డాక్టర్లు సిరోసిస్ అనేది దాన్నే. కొందరిలో అక్కడి నుంచి క్యాన్సర్.

ఈ మర్జ్ గరీబ్ ముల్కుల్లో ఇంతగా ఎలా పాకిందో తెలుసుకోవాలంటే ముందు ఈజిప్టు వెళ్లాలి. మన పెద్దవాళ్లకు మిస్ర్ అంటే హజ్రత్ యూసుఫ్, హజ్రత్ మూసా నడిచిన నేల, అల్ అజ్హర్ ఉన్న నేల. నిన్నమొన్నటి దాకా అదే ముల్కు హెపటైటిస్ సి విషయంలో దునియా మొత్తంలో పై వరసలో ఉండేది. నైలు కాలువల్లో నత్తల ద్వారా పాకే బిల్హార్జియా అనే పురుగు జబ్బు అక్కడి రైతులను తరతరాలుగా పీడించింది. కాలువలో కాలు పెట్టకుండా వ్యవసాయం ఎలా కుదురుతుంది? 1950ల నుంచి 1980ల మొదటి దాకా అక్కడి సర్కారు ఊరూరా శిబిరాలు పెట్టి, టార్టార్ ఎమెటిక్ అనే మందును నరానికి సూదితో ఎక్కించింది. ఒక్కొక్కరికి ఒకటి కాదు, వరసగా ఎన్నో సూదులు. గాజు సిరంజిలు, ఒకరి తర్వాత ఒకరు, మధ్యలో హడావిడిగా ఉడకబెట్టడం. నియ్యత్‌లో ఖోట్ లేదు. ఆ నాటికి సి వైరస్ అనేది ఒకటుందని దునియాలో ఎవరికీ తెలియదు. ఒక జబ్బును తరిమే సూది ఇంకో జబ్బును ఊళ్లకు ఊళ్లకు పంచిపెట్టింది. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ లంకెను బయటపెట్టింది. 2008లో చేసిన సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల ఈజిప్షియన్లలో నూటికి దాదాపు 15 మంది రక్తంలో ఈ వైరస్ తాలూకు ఆనవాళ్లు దొరికాయి.

అరబ్బు పాటలు వినే అలవాటున్నవాళ్లకు అబ్దుల్ హలీం హాఫిజ్ పేరు తెలిసే ఉంటుంది. కాలువ నీళ్లలో ఆడుకున్న పల్లెటూరి పిల్లాడు, చిన్నప్పుడే బిల్హార్జియా పట్టుకుంది, అది జిగర్‌ను తినేసింది. 1977లో లండన్ ఆసుపత్రిలో, యాభై ఏళ్లు కూడా నిండకుండా పోయాడు. కైరోలో అతని జనాజా వెంట సముద్రంలా కదిలిన జనం ఫోటోలు ఇప్పుడు చూసినా గుండె పట్టేస్తుంది.

మిస్ర్ మాట సరే, మనం ఏమైనా తక్కువ తిన్నామా? నలభై దాటిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆర్‌ఎంపీ డాక్టరు బల్ల మీద స్టీలు డబ్బా, అందులో ఉడుకుతున్న గాజు సిరంజి. మాత్రలు రాస్తే "ఈయనకేం తెలుసు" అని, సూది వేస్తేనే "హాథ్ మే షిఫా హై" అని మెచ్చుకున్న జమానా అది. పైగా మంగలి కత్తి, ఒకే బ్లేడుతో వరసగా పిల్లలకు ఖత్నా చేసే హజ్జాం, చెవులు కుట్టే సూది. ఆపరేషన్ టైములో, కాన్పులో ఎక్కించిన రక్తం వీటన్నిటి కన్నా ఎక్కువ. మన దేశంలో రక్తనిధులు ప్రతి సీసానూ సి వైరస్ కోసం పరీక్షించాలన్న నియమం ఈ శతాబ్దం మొదట్లో గానీ రాలేదు. అంతకు ముందు రక్తం ఎక్కించుకున్న ప్రతి అమ్మీ, ప్రతి అబ్బా ఒకసారి పరీక్ష చేయించుకోవాలని నేను అడిగేది అందుకే.

వైరస్‌కు పేరు దొరకడానికే చాలా కాలం పట్టింది. 1970ల్లో అమెరికాలో హార్వే ఆల్టర్ అనే డాక్టరు, రక్తం ఎక్కించుకున్నవాళ్లలో ఎ కాని, బి కాని ఇంకేదో హెపటైటిస్ వస్తోందని గమనించాడు. దానికి 'ఎ కాదు బి కాదు' అనే పేరే పెట్టారు, చిరునామా తెలియని ఉత్తరంలా. 1989లో కైరాన్ కంపెనీలో మైకేల్ హాటన్, చూ క్వీ-లిమ్, జార్జ్ కువో కలిసి ఆ వైరస్ జన్యువును పట్టుకున్నారు. చార్లెస్ రైస్ ఆ వైరస్ ఒక్కటే ఈ జబ్బుకు కారణమని తేల్చాడు. 2020 నోబెల్ ఆల్టర్‌కు, హాటన్‌కు, రైస్‌కు వచ్చింది. చూ, కువోలకు రాలేదు. అంతకు ముందు 2013లో కెనడా వాళ్లు గైర్డ్‌నర్ అవార్డు ఇస్తామంటే, ఆ ఇద్దరినీ వదిలేశారని హాటన్ వద్దన్నాడు. నోబెల్‌ను మాత్రం వద్దనలేకపోయాడు. ఇన్సాన్ కదా!

జబ్బుకు పేరొచ్చింది గానీ ఇలాజ్ మాట? దాదాపు పాతికేళ్ల పాటు ఉన్న ఇలాజ్ ఇంటర్‌ఫెరాన్ సూదులు, పక్కన రైబావిరిన్ మాత్రలు. 24 వారాలు, కొందరికి 48 వారాలు. జ్వరం, ఒళ్లు నొప్పులు, జుట్టు రాలడం, రక్తం తగ్గడం, మనసు కుంగిపోవడం. ఇంత అనుభవించాక కూడా ఒక రకం వైరస్‌లో సగం మందికి నయం కాదు. ఖర్చు లక్షల్లో. మధ్యలో డబ్బులు అయిపోయి మానేసినవాళ్లు, పొలమో ఇల్లో అమ్ముకుని పూర్తిచేసి కూడా ఓడిపోయినవాళ్లు ఆ రోజుల్లో ప్రతి పెద్ద దవాఖానాలోనూ కనిపించేవారు. గరీబ్ ముల్కులకు ఈ జబ్బుకు ఇలాజ్ చేయడం ఫాయిదా లేని పని అని పెద్ద పెద్ద సంస్థలే అనుకున్న కాలం అది.

సరిగ్గా ఆ కాలంలోనే హైదరాబాద్‌లో రెండు పనులు జరిగాయి. మన ఇళ్లలో పిల్లలకు ఇవి చెప్పాలి.

ఒకటి డాక్టర్ సి.ఎం. హబీబుల్లాహ్ సాహెబ్ పని. పూర్తి పేరు చిత్తూరు మొహమ్మద్ హబీబుల్లాహ్. పేరులోనే మన చిత్తూరు ఉంది. జీర్ణకోశ వైద్యంలో దేశం మొత్తానికి తెలిసిన మనిషి, 2001లో పద్మశ్రీ. పాతబస్తీ పక్కన దక్కన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో జిగర్ జబ్బుల మీద పరిశోధనకే ఒక కేంద్రం నిలబెట్టారు. మన ప్రాంత జనంలో సి వైరస్ ఎంతుంది, అందులో ఏ రకం ఎక్కువ అని ఆ కేంద్రం వాళ్లు లెక్కలు తీసి అంతర్జాతీయ పత్రికల్లో రాశారు. మన దేశంలో మూడో రకం ఎక్కువ. ఏ మందు మనకు పనికొస్తుందో తేల్చుకోవడానికి ఆ సంగతి తర్వాత చాలా అవసరమైంది. మర్హూమ్‌కు జన్నత్ నసీబ్ కావాలి.

రెండోది శాంతా బయోటెక్నిక్స్. ఇది సి కాదు, బి వైరస్ టీకా కథ, కానీ దారి వేసింది ఇదే. విదేశీ టీకా డోసు వందల రూపాయల్లో ఉన్న కాలంలో వరప్రసాద్ రెడ్డి అనే నెల్లూరు మనిషి మనమే చేసుకుందామని బయలుదేరారు. మన దగ్గర పెట్టుబడి దొరకడం కష్టమైంది. చెయ్యి అందించింది ఎవరో తెలుసా? ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో చోటు తీసుకుని పనిచేసి, 1997లో టీకా బయటకు తెచ్చారు. వాళ్ల అమ్మగారి పేరే కంపెనీ పేరు. పోటీ మొదలయ్యాక టీకా ధర పదుల రూపాయల్లోకి దిగింది. తర్వాత అదే కంపెనీ ఇంటర్‌ఫెరాన్ కూడా చేసింది. ఒమాన్ పైసా, ఉస్మానియా గది, నెల్లూరు మొండితనం కలిస్తే ఒక మందు కీమత్ ఎంత దూరం దిగుతుందో మన రాష్ట్రం అప్పుడే చూసింది.

ఇక అసలు గోలీ. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫాస్‌బువిర్‌కు అనుమతి వచ్చింది. ఫార్మాసెట్ అనే చిన్న కంపెనీలో మైకేల్ సోఫియా బృందం కనిపెట్టింది. పేరులోని 'సోఫ్' ఆయన ఇంటిపేరే. ఆ చిన్న కంపెనీని గిలియడ్ అనే పెద్ద కంపెనీ దాదాపు 1100 కోట్ల డాలర్లకు కొనేసింది. ఈ మందు పని చాలా తెలివైనది. తస్బీహ్ గుచ్చేవాడిని ఊహించుకోండి. దారంలో ఒక్కో పూస ఎక్కిస్తూ పోతున్నాడు. వైరస్ తన నకలు తయారు చేసుకునేదీ అలాగే, ఒక్కో అక్షరం గుచ్చుకుంటూ. సోఫాస్‌బువిర్ చూడటానికి అచ్చం పూసలాగే ఉండే నకిలీ పూస. అది దారంలోకి ఎక్కాక తర్వాతి పూస ఎక్కదు. తస్బీహ్ అక్కడే ఆగిపోతుంది. ఎయిడ్స్ వైరస్ లాగానో బి వైరస్ లాగానో సి వైరస్‌కు మన కణాల లోపలి గదిలో దాక్కునే అలవాటు లేదు. అందుకే నకలు ఆగితే వంశమే అంతం. ఇంకో మందుతో జతచేసి రోజుకొక్కసారి, 12 వారాలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయం. సూది లేదు, జుట్టు రాలడం లేదు.

కీమత్? 84 గోలీలు, గోలీకి వెయ్యి డాలర్లు. మొత్తం 84,000 డాలర్లు. అప్పటి లెక్కలో మన యాభై లక్షల రూపాయలు దాటింది. 2014లో లివర్‌పూల్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ హిల్, తోటి పరిశోధకులు కూర్చుని లెక్క వేశారు: 12 వారాల మందు తయారు చేయడానికి 68 నుంచి 136 డాలర్లు చాలు. అమెరికా సెనేట్ కమిటీ ఏడాదిన్నర విచారణ జరిపి 2015 డిసెంబరులో తేల్చింది కూడా ఇదే: ఆ ధరకు ఆధారం పరిశోధన ఖర్చు కాదు, ఎంత ఆదాయం పిండవచ్చన్న ఆలోచన. దీన్ని తిజారత్ అనడానికి నాకు నోరు రాదు.

గిలియడ్‌కు ఇండియా అంటే దిగులు ఉండేది. కారణముంది. 1970 పేటెంటు చట్టం మందు మీద కాక, తయారు చేసే పద్ధతి మీదే హక్కు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. ఆ నీడలోనే మన ఫార్మా కంపెనీలు పెరిగాయి. 2001లో సిప్లా యూసుఫ్ హమీద్ సాహెబ్ ఎయిడ్స్ మందును రోజుకు డాలరు లోపే ఇస్తానని ప్రకటించి దునియాను కదిలించింది ఆ బలంతోనే. 2005లో ప్రపంచ వాణిజ్య సంస్థ షరతుల ప్రకారం మందుల మీదా పేటెంట్లు వచ్చాయి. అయినా రెండు తలుపులు తెరిచే ఉంచారు. పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇచ్చాక కూడా మందు జనానికి అందకపోతే వేరే కంపెనీకి సర్కారు లైసెన్సు ఇవ్వవచ్చు. ఆ రెండో తలుపు దేశంలో మొదటిసారి తెరిపించింది హైదరాబాద్ కంపెనీ నాట్కో. 2012 మార్చిలో, లివరు క్యాన్సర్‌కు వాడే బేయర్ కంపెనీ మందు మీద. నెలకు 2,80,000 రూపాయల మందు 8,800కు వచ్చింది.

సోఫాస్‌బువిర్ మీద మొదటి తలుపు తట్టినవాళ్లలో ఢిల్లీలోని ఎయిడ్స్ బాధితుల సంఘం ఉంది. హెచ్‌ఐవీతో పాటు సి వైరస్ కూడా ఉన్న మనుషులు, తమ ప్రాణాల కోసం పేటెంటు ఆఫీసు మెట్లెక్కారు. నాట్కో కూడా అభ్యంతరం వేసింది. ఈ లోపు 2014 సెప్టెంబరులో గిలియడ్ ఏడు భారతీయ కంపెనీలను పిలిచి, 91 దేశాలకు చవక మందు అమ్ముకోండి, మాకు ఏడు శాతం వాటా ఇవ్వండి అని లైసెన్సులిచ్చింది. 2015 జనవరిలో పేటెంటు ఆఫీసు దరఖాస్తును తోసిపుచ్చింది. ఆ నెలాఖరులోనే ఢిల్లీ హైకోర్టు మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. మార్చిలో నాట్కో తన గోలీని నేపాల్‌లో దించింది. 28 గోలీల సీసా 19,900 రూపాయలు. గోలీకి వెయ్యి డాలర్లు ఎక్కడ, ఏడు వందల రూపాయలు ఎక్కడ! అదే నెలలో నాట్కో కూడా గిలియడ్‌తో సంతకం చేసింది. 2016 మేలో పేటెంటు మంజూరైంది.

దీని మీద రెండు రాయ్‌లున్నాయి. కొట్లాట మధ్యలో కంపెనీలు రాజీపడ్డాయని ఒకటి, రాజీ వల్లనే మందు త్వరగా వచ్చిందని ఇంకోటి. నా రాయ్ ఇది: బయట కొట్లాట లేకపోతే లోపల రాజీకి గిలియడ్ కుర్చీ వేసేదే కాదు. ఆ 91 దేశాల జాబితాలో లేని దేశాల గతి చూడండి. మలేషియా మొదట బయటే ఉండిపోయింది. 2017లో అక్కడి సర్కారు తన అధికారంతో తానే లైసెన్సు ఇచ్చుకోవడానికి సిద్ధపడ్డాక గానీ ఆ జాబితాలో దాని పేరు చేరలేదు. టాస్మేనియా మనిషి ఒకాయన ధర భరించలేక చెన్నై దాకా వచ్చి మందు కొనుక్కుని నయమై వెళ్లాడని 2015లో పేపర్లు రాశాయి. ఒకప్పుడు మన మరీజులు లండన్ పోయేవాళ్లు!

లైసెన్సు పొందిన కంపెనీల సంఖ్య తర్వాత పదకొండయింది. అందులో హెటిరో, నాట్కో, అరబిందో, లారస్ హైదరాబాద్‌వి. మైలాన్ భారతీయ శాఖ కూడా అక్కడిదే. ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. లారస్‌కు పరవాడ ఫార్మా సిటీలో ఫ్యాక్టరీలున్నాయి, హెటిరోకు నక్కపల్లి దగ్గర సముద్రం ఒడ్డున. ఇప్పుడవి అనకాపల్లి జిల్లా కిందికి పోయాయి గానీ 2022 దాకా విశాఖ జిల్లావే. స్టీలు ప్లాంటు దాటి పోతే వాసన చెబుతుంది ఫార్మా సిటీ వచ్చిందని. గాజువాక, కూర్మన్నపాలెం నుంచి తెల్లవారకముందే కంపెనీ బస్సులెక్కే కుర్రాళ్లలో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. డిప్లొమా చేసినవాడు, ఐటీఐ చేసినవాడు, బీఎస్సీ కెమిస్ట్రీ చేసినవాడు.

దునియాకు చవకగా దొరికే మందుకు ఇక్కడ ఎవరో కీమత్ కడుతున్నారు. 2022 డిసెంబరు 26న పరవాడ లారస్ యూనిట్‌లో మంటలొచ్చి నలుగురు పోయారు. నక్కపల్లి మండలం రాజయ్యపేటలో మత్స్యకారులు హెటిరో పైపులైను సముద్రంలోకి వద్దని నెలల తరబడి ధర్నా కూర్చున్నారు. వాళ్లది వలల బాధ, చేపల బాధ. చవక మందును మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి. మందు వద్దనడం లేదు. అమెరికా గోలీకి, మన గోలీకి మధ్య ఉన్న తేడా మొత్తం గిలియడ్ లాభమే అనుకుంటే ఈ మనుషులు కనిపించకుండా పోతారు.

గోలీ చవకయింది. మరి జబ్బు పోయిందా? మళ్లీ మిస్ర్ వెళదాం. 2006లోనే వాళ్లు వహీద్ దోస్ అనే డాక్టరు నాయకత్వంలో జాతీయ కమిటీ పెట్టుకున్నారు. 2014లో గిలియడ్‌తో బేరమాడి 12 వారాల మందును 900 డాలర్లకు దించారు. ఆ తర్వాత సొంత ఫ్యాక్టరీల్లో చేసుకుని ఇంకా చాలా కిందికి తెచ్చారు. మందు కోసం జనం క్యూ కట్టారు. రెండు మూడేళ్లకు క్యూ తగ్గిపోయింది. జబ్బు తగ్గి కాదు, తమకు జబ్బుందని తెలిసినవాళ్లు అయిపోయారు! తెలియనివాళ్లు క్యూలోకి ఎందుకు వస్తారు?

అప్పుడు ఆ ముల్కు చేసిన పని చూసి నాకు రష్క్ కలుగుతుంది. 2018 అక్టోబరులో 'పది కోట్ల సెహత్' అనే ముహిమ్ మొదలుపెట్టింది. దవాఖానాల్లో, మస్జిదుల దగ్గర, చర్చిల దగ్గర, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర టేబుళ్లు వేశారు. వేలి మీద ఒక పోటు, ఒక చుక్క రక్తం, కొద్ది నిమిషాల్లో జవాబు. పనిలో పనిగా బీపీ, షుగర్ కూడా చూశారు, అందువల్ల ఎవడు దేనికి వచ్చాడో పక్కవాడికి తెలియదు. ఏడు నెలల్లో 4 కోట్ల 90 లక్షల మందికి పైగా పరీక్ష చేయించుకున్నారు. దొరికిన ప్రతి మరీజుకూ మందు ముఫ్త్. ఒక మనిషిని వెతికి పట్టుకుని నయం చేయడానికి అయిన ఖర్చు మొత్తం కలిపి సుమారు 130 డాలర్లు. 84,000 డాలర్ల నుంచి 130 డాలర్లు, అయిదేళ్లలో. 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, సి వైరస్ నిర్మూలన బాటలో బంగారు మెట్టు ఎక్కిన మొదటి ముల్కుగా ఈజిప్టును గుర్తించింది. సూదితో జబ్బు పంచిన సర్కారే చివరికి సూది పోటుతో దాన్ని వెతికింది.

మన దేశంలో ముందు మేల్కొన్నది పంజాబ్. 2016లో అక్కడ జిల్లా ఆసుపత్రుల్లోనే ఉచిత ఇలాజ్ మొదలైంది. పెద్ద డాక్టరు కోసం చండీగఢ్ పోనక్కర్లేదు, జిల్లా డాక్టరే రాయగలడని రుజువైంది. 2018 జూలై 28న కేంద్రం దేశం మొత్తానికీ జాతీయ హెపటైటిస్ కార్యక్రమం ప్రకటించింది. పరీక్ష ముఫ్త్, మందు ముఫ్త్. కాగితం మీద మనది మిస్ర్‌కు తీసిపోని పథకం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లెక్క ప్రకారం ఈ వైరస్‌తో ఉన్నవాళ్లు దునియాలో 5 కోట్లు, పాకిస్తాన్‌లో 88 లక్షలు, మన దేశంలో 55 లక్షలు. మన దగ్గర ఫ్యాక్టరీ ఉంది, పథకం ఉంది. మస్జిద్ దగ్గర టేబుల్ లేదు.

అందుకే మన ఇళ్లలో ఈ జబ్బు చాలావరకు గల్ఫ్ మెడికల్‌లోనే బయటపడుతుంది. వెల్డరో ఫిట్టరో వీసా వచ్చిందని ఖుషీగా మెడికల్‌కు పోతాడు. రిపోర్టు మీద 'అన్‌ఫిట్' ముద్ర. ఎందుకని అడిగితే కౌంటర్‌లో సరైన జవాబు దొరకదు. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన డబ్బులు గుర్తొస్తాయి గానీ జిగర్ గుర్తురాదు. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఆ ముద్ర పడ్డాక వేరే ఊళ్లో వేరే సెంటర్‌లో మళ్లీ ప్రయత్నించాడు, అక్కడా అదే జవాబు. మూడోసారి ప్రయత్నించమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. డాక్టరు దగ్గరికి పొమ్మన్నవాళ్లు లేరు. ఆడపిల్ల అయితే ఇంకా ఖామోషీ. రిష్తా పోతుందని.

తెలియనివాళ్లకు చెబుతున్నా, మొదటి పరీక్ష చూసేది వైరస్‌ను కాదు, వైరస్ మీద ఒళ్లు చేసిన యుద్ధం తాలూకు గుర్తులను. వాటిని యాంటీబాడీలంటారు. తనంతట తానే నయమైనవాడికీ, మందుతో నయమైనవాడికీ ఆ గుర్తులు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. వైరస్ ఉందా లేదా తేల్చేది రెండో పరీక్ష, వైరల్ లోడ్. ప్రైవేటు ల్యాబులో దానికి కొన్ని వేలవుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. జాతీయ పథకం కింద అదీ ఉచితమే. కేజీహెచ్ లాంటి పెద్ద సర్కారు దవాఖానాకు పోయి హెపటైటిస్ కార్యక్రమం గురించి అడగండి. సిగ్గు అక్కర్లేదు, అడగడం మన హఖ్.

మందు మొదలుపెట్టే ముందు బి వైరస్ కూడా ఉందేమో చూడాలి, ఎందుకంటే సి పోతూ పోతూ బి ని నిద్రలేపే ప్రమాదం ఉంది. టీబీ మందు, గుండె మందు, గ్యాస్ గోలీ ఏది వాడుతున్నా డాక్టరుకు చెప్పాలి, కొన్ని ఈ మందుతో పడవు. రోజుకొక్కసారే కాబట్టి రంజాన్‌లో సహరీకో ఇఫ్తార్‌కో వేసుకోవచ్చేమో డాక్టరునే అడగండి, కానీ రోజా పేరుతో మధ్యలో మానేయొద్దు. హిజామా చేయించుకునేవాళ్లు కొత్త బ్లేడు, కొత్త కప్పులు కళ్లముందు విప్పించుకోవాలి. హజ్, ఉమ్రాలో తల గీయించుకునేటప్పుడు రోడ్డు పక్క మంగలి దగ్గర కూర్చోకుండా, లైసెన్సున్న చోట కొత్త బ్లేడు అడగాలి.

నయమైందని చెప్పే రిపోర్టు మందు అయిపోయిన 12 వారాలకు చేసే వైరల్ లోడ్. అందులో వైరస్ కనిపించకపోతే జబ్బు పోయినట్టే. కానీ మళ్లీ మురికి సూది తగిలితే మళ్లీ రావచ్చు, దీనికి టీకా లేదు. అప్పటికే సిరోసిస్ దాకా పోయినవాళ్లు మాత్రం వైరస్ పోయినా ఆరు నెలలకొకసారి స్కానింగ్ చేయించుకుంటూనే ఉండాలి, క్యాన్సర్ భయం పూర్తిగా తీరదు కాబట్టి. ఇక గల్ఫ్ పోయేవాళ్లు ఆ 12 వారాల రిపోర్టు పాస్‌పోర్టుతో పాటు భద్రంగా దాచుకోవాలి. యాంటీబాడీ ఒక్కటే చూసి తిప్పి పంపే చోట, వైరస్ లేదని చూపించడానికి చేతిలో ఉండే కాగితం అదొక్కటే.